సర్ చంద్రశేఖర వేంకట రామన్‌గారును, పూవుల రంగులును

మన పల్నాటిలో మిరపతోట వేసిన రైతు తెల్లవారగనే చేనిగట్టు చేరి మొట్టమొదట చేయు పని యొకటి కలదు. ఒక ఆకును త్రుంపకుండ వ్రేళ్లతో పట్టి, అటునిటు త్రిప్పి, దాని రంగును చూచును. ఆకు నిగనిగలాడుచున్నచో తేలికపడిన మనస్సుతో ఇల్లు చేరును. ఏ కొంచెము పాలిపోయినను, అంచులు ముడుచుకొన్నను, ఆ పూట ఆతనికి అన్నము సయింపదు. కౌలు, ఎరువుల ఖర్చు, మందులకొట్టులో తెచ్చిన అప్పు, ఇవన్నియు ఆతనికి ఆ రంగులోనే కనబడును. నరసరావుపేట, గురజాల, మాచర్ల ప్రాంతముల బాలబాలికలకు మేమీ సంగతి వేరుగ చెప్పనక్కరలేదు. వారిలో పెక్కండ్రు తమ తండ్రుల ముఖములలో దీనిని చూచియే యున్నారు.

అయితే ఆకు పచ్చగా నుండుట యననేమి? పూవు ఎఱ్ఱగా నుండుట యననేమి? ఇది పసిపిల్లలు వేయు ప్రశ్న యని పెద్దలు నవ్వుదురు. లోకమంతయు గౌరవించి, బిరుదములన్నియు ఇచ్చివేసిన పిదప, డెబ్బదియేండ్లు దాటిన వయస్సున, తన తోటలో గులాబిపూవు ముందు నిలిచి ఈ ప్రశ్ననే వేసికొన్న మహనీయు డొకరు కలరు. ఆయనయే సర్ చంద్రశేఖర వేంకట రామన్‌గారు. పాఠ్యపుస్తకములలో ఆయన కథ 1928వ సంవత్సరపు పరిశోధనతోను, 1930వ సంవత్సరపు నోబెల్ బహుమానముతోను ముగియుచున్నది. అటుపిమ్మట ఆయన నలువదేండ్లు జీవించిరి. ఆ కడపటి భాగమే మన పొలములకు మిక్కిలి దగ్గర యని తోచుటచేత మేమీ జీవితకథను వ్రాయ బూనితిమి.

రామన్‌గారు 1888వ సంవత్సరము నవంబరు 7వ తేదీన తిరుచిరాపల్లి చెంతనున్న తిరువానైక్కావలునందు జన్మించిరి. తండ్రి చంద్రశేఖర అయ్యరుగారు, తల్లి పార్వతీ అమ్మాళ్‌గారు. ఎనమండుగురు సంతానములో ఆయన రెండవవారు. 1892లో తండ్రిగారికి విశాఖపట్టణమున శ్రీమతి ఏ. వి. నరసింహారావు కళాశాలయందు గణితమును, భౌతికశాస్త్రమును బోధించు ఉద్యోగము లభించుటచే కుటుంబమంతయు తెలుగునాటికి వచ్చెను. కావున ఆయన బాల్యవిద్య యంతయు తెలుగుగడ్డమీదనే సాగినది. అచ్చటి సెంట్ అలోషియస్ పాఠశాల మిషనువారిది. అందు చదివి పదునొకండవ యేటనే మెట్రిక్యులేషను పరీక్షయందు కృతార్థులైరి. తండ్రిగారు బోధించు కళాశాలలోనే ఎఫ్. ఏ. ముగించునప్పటికి ఆయన వయస్సు పదుమూడేండ్లు. విశాఖపట్టణమున చదివిన పిల్లవాడు సముద్రమును చూడకుండ ఉండజాలడు. ఆ నీలిమ అప్పుడే ఆయన మనస్సున నాటుకొనెనని చెప్పుటకు మాకు ఆధారము లేదు గాని, పెద్దవాడైన పిమ్మట ఆయన పేరు ఆ నీలిమతోనే పెనవేసికొన్నదని మాత్రము మీరు ముందు చూడగలరు.

పిమ్మట చెన్నపట్టణమునకు పోయి ప్రెసిడెన్సీ కళాశాలలో చేరిరి. 1904లో బి. ఏ. పరీక్షయందు ప్రథములుగ నెగ్గి భౌతికశాస్త్రమునందు సువర్ణపతకము పొందిరి; 1907లో ఎం. ఏ. పట్టమందిరి. నడుమ 1906లో, పదునెనిమిదేండ్ల వయస్సున, కాంతిని గూర్చి వ్రాసిన తొలి వ్యాసము ఇంగ్లాండునందలి ఫిలసాఫికల్ మ్యాగజీనులో అచ్చుపడెను. ఇట్టి విద్యార్థిని పై చదువునకు సీమకు పంపవలెనని గురువులు తలచిరి. కాని దేహము దుర్బలమగుటచే ఆ శీతలదేశపు గాలికి తట్టుకొనజాలరని వైద్యాధికారి అభ్యంతరము చెప్పెను. కావున 1907లో లోకసుందరీ అమ్మాళ్‌గారిని వివాహమాడి, ఆర్థికశాఖ పరీక్షయందు నెగ్గి, కలకత్తాలో సహాయ అకౌంటెంటు జనరలుగ ఉద్యోగమున ప్రవేశించిరి. జీతము మంచిది, పదవి గొప్పది. అంతటితో తృప్తిపడువారే లోకమున పెక్కండ్రు.

కలకత్తా బౌబజారు వీథిలో, 1876లో మహేంద్రలాల్ సర్కారుగారు స్థాపించిన శాస్త్రాభివృద్ధి సంఘము కలదు. చక్కని భవనము, కొన్ని పరికరములు ఉన్నను పరిశోధన చేయువారు లేక అది నిద్రాణమై యుండెను. రామన్‌గారు దాని తలుపు తట్టిరి. ప్రాతఃకాలమున అచ్చట పని, పగలు కచేరీలో లెక్కలు, సాయంకాలము మరల అచ్చటనే రాత్రి ప్రొద్దుపోవు దనుక పని. రంగూనునకును, నాగపురమునకును బదిలీయైన రెండేండ్లు మినహా పదియేండ్లు ఇట్లే గడచినవి. 1917లో కలకత్తా విశ్వవిద్యాలయమున పాలిత్ ఆచార్యపదవి నంగీకరించి, దానికంటె ఎక్కువ జీతమిచ్చు సర్కారు కొలువును విడిచిపెట్టిరి.

1921లో ఆక్స్‌ఫర్డునందు జరిగిన విశ్వవిద్యాలయముల మహాసభకు ఆయన తొలిసారి సముద్రయానము చేసిరి. మధ్యధరా సముద్రపు నీలివర్ణము ఆయనను ముగ్ధుని గావించెను. ఆకాశపు నీలము నీటిలో ప్రతిఫలించుటచేతనే సముద్రము నీలముగ తోచునని అప్పటికి లార్డు రేలీవంటి ఘనుడు చెప్పియుండెను. రామన్‌గారు దానిని వట్టినే నమ్మక, తిరుగుప్రయాణమున నార్కుండా యను ఓడమీద చిన్న పరీక్ష చేసిరి. వారియొద్ద నికల్ పట్టక మొకటి యుండెను. నీటిపై తగిన కోణమున పడి మరలు కాంతిని ఆ పట్టకము అడ్డగింపగలదు. దానిని కంటికి అడ్డముగ పెట్టి త్రిప్పగా నీటిమీది ఆకాశపు తళుకు మాయమయ్యెను, కాని సముద్రపు నీలిమ మాయము కాలేదు సరికదా మునుపటికంటె చిక్కనయ్యెను. అనగా ఆ రంగు నీటిలోపలినుండియే వచ్చుచున్నది! నీటి అణువులే సూర్యకాంతిని చెదరగొట్టుచున్నవి. గుప్పిట పట్టు పరికరముతో, ఓడ అంచున నిలిచి, ఒక మహాపండితుని మాటను సవరించిరి. పైతళుకును తొలగించి లోపలి కాంతిని చూచు ఈ ఉపాయమును పాఠకులు జ్ఞాపకముంచుకొందురు గాక. పొలములోనికి పోయినప్పుడు దీనితో మరల పనిపడును.

తరువాతి ఏడేండ్లును చెదరిన కాంతిని గూర్చిన పనియే. శిష్యులతో గూడి, ముఖ్యముగ కె. ఎస్. కృష్ణన్‌గారితో గూడి, పలు ద్రవములను పరీక్షించిరి. ఒకే రంగుగల కాంతిని ద్రవముగుండ పంపినచో చెదరి వచ్చునది ఇంచుమించు అంతయు ఆ రంగుదే. కాని అందు అత్యల్పభాగము, రమారమి కోటిపాళ్లలో నొకపాలు, రంగు మారి వచ్చుచున్నదని 1928 ఫిబ్రవరి 28వ తేదీన నిశ్చయముగ కనుగొనిరి. ఆ మార్పు ఏ పదార్థమునకు ఆ పదార్థమే ప్రత్యేకము. అది అణువు స్వయముగ చేసిన వ్రేలిముద్ర వంటిది. అందువలన ఒక వస్తువును కరిగింపక, కాల్చక, దానిలో నేమున్నదో వెలుతురు మూలముననే తెలిసికొనుటకు త్రోవ యేర్పడినది. 1929లో సర్ బిరుదము, 1930లో నోబెల్ బహుమానము వచ్చినవి. శాస్త్రములలో ఆ బహుమానమును పొందిన ఆసియావాసులలో ఆయనయే ప్రథములు. కృష్ణన్‌గారికి అందు పాలు లేకపోవుట న్యాయమా యని నేటికిని తర్కించువారు కలరు. ఆ పనిలో కృష్ణన్‌గారి చేయి చాల యున్నదనుట మాత్రము నిర్వివాదము.

ఆంధ్రులకు ఈ పరిశోధనతో దగ్గర సంబంధము కలదు. కృష్ణామండలమునకు చెందిన సూరి భగవంతముగారు 1928లో కలకత్తాకు పోయి రామన్‌గారి శిష్యులై, పిమ్మట వాల్తేరునందలి ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో ఆ విద్యను నెలకొల్పిరి. గురువు ఒకప్పుడు నడపిన బెంగుళూరు విజ్ఞానసంస్థకు 1957లో ఆ శిష్యుడే అధ్యక్షుడయ్యెను.

ఆ బెంగుళూరు సంస్థకు 1933లో రామన్‌గారు భారతీయులలో తొలి డైరెక్టరుగ వెళ్లిరి. ఇచ్చట మేమొక సంగతిని దాచరాదు. మహనీయుల కథలలో వారి తప్పులను కప్పిపుచ్చుట మనకు అలవాటు. ఆ సంవత్సరమే కమలా భాగవత్ అను విద్యార్థిని పరీక్షలో మొదటి తరగతిన నెగ్గి సంస్థలో చేర్చుకొమ్మని కోరగా, ఆడుపిల్ల యను కారణమున ఆయన నిరాకరించిరి. ఆమె వెనుదీయలేదు. పట్టుపట్టి, ఒక యేడు పరీక్షార్థము మాత్రమే యను షరతుపై చేరి, తన పనిచేత ఆయన నోటనే యోగ్యత ఒప్పించుకొనెను. కమలా సోహోనీ యను పేర పిమ్మట కేంబ్రిడ్జిలో డాక్టరు పట్టమును పొందెను. అటుపిమ్మట రామన్‌గారి ప్రయోగశాలలోనే అన్నా మణిగారు వజ్రముల కాంతిని గూర్చి పరిశోధన చేసిరి. కొల్లూరు గనుల వజ్రములను పుట్టించిన కృష్ణాతీరపు బాలికలు ఈ రెండు పేర్లను ఎరిగియుండుట మంచిది.

పరిపాలనలో ఆయనకు తోడివారితో పొసగలేదు. 1937లో డైరెక్టరు పదవి వదలి, 1948 వరకు ఆచార్యులుగ మాత్రముండిరి. అంతకుముందే 1934లో ఇండియన్ అకాడమీ ఆఫ్ సైన్సెస్‌ను స్థాపించియుండిరి. 1948లో తన పేరిటి పరిశోధనాలయమును నెలకొల్పి, ప్రభుత్వద్రవ్యమునకు చేయి చాపక దానిని నడపిరి. 1954లో భారతరత్న బిరుదము వచ్చెను. పెద్ద పరికరముల కాలము వచ్చినది. శాస్త్రజ్ఞులు గుంపులుగ పనిచేయు కాలము వచ్చినది. ఆయన ఆ రెంటికిని దూరముగ నుండిరి.

పరిశోధనాలయము చుట్టును చెట్లును, గులాబీలును పెంచుట ఆయనకు ప్రియమైన పని. ఆ తోటయే ఆయన కడపటి ప్రయోగశాల యయ్యెను. 1960 తరువాత ఆయన చిన్న వర్ణపటదర్శిని పట్టుకొని పూవులను, ఆకులను ఒక్కొక్కటిగ పరీక్షింపసాగిరి. ఆ పరికరము లోనికి వచ్చు కాంతిని ఇంద్రధనుస్సువలె విడదీసి చూపును. మన కన్ను రంగులను కలిపి ఒకే రంగుగ చూచును. వర్ణపటదర్శిని వానిని వేరుచేసి లెక్క చెప్పును. ఈ తేడా చిన్నది గాదు. పసుపుపచ్చని బంతిపూవు పచ్చని కాంతిని మాత్రమే పంపుచున్నదని మనము తలతుము. విడదీసి చూచినచో ఆకుపచ్చ, పసుపు, నారింజ, ఎరుపు అన్నియు అందున్నవి. లేనిది నీలము మాత్రమే! ఎఱ్ఱగులాబి రేకులు నడిమి పచ్చలను మ్రింగి ఎరుపును విడిచిపెట్టును. ఆకులోని పత్రహరితము నీలమును, ఎరుపును మ్రింగును. మిగిలినదానిలో ఆకుపచ్చయే బలముగ నుండుటచే అది మనకు పచ్చగ కనబడును. పూవు రంగన, అది తినక మిగిల్చినదే. రామన్‌గారు రేకులను ద్రావకములలో నానవేసి, ఆ వర్ణజలములు ఏ కిరణములను ఎంతెంత మ్రింగుచున్నవో కొలిచి, పసుపు కిరణముల లోపమే నీలి, ఊదా, ఎరుపు రంగులకు నిండుదనమిచ్చుచున్నదని చూపిరి. ఇవన్నియు వ్యాసములుగ వెలువరించి, చూపును గూర్చిన ఒక గ్రంథమును 1968లో ప్రకటించిరి.

ఆ గ్రంథమున ఆయన ఒక మెట్టు ఎక్కువ ఎక్కిరని మా అభిప్రాయము. మన కంటియందు రంగులను గుర్తించు కణములు మూడు తెగలవని శాస్త్రజ్ఞులు నిర్ణయించియుండిరి. రామన్‌గారు దానిని త్రోసివేసిరి. లోకము ఆయన పక్షమును అంగీకరింపలేదు, అంగీకరింపకుండుటయే సరియైనది. నికల్ పట్టకముతో పెద్దల మాటను సవరించిన సాహసమే, ఏబదియేండ్లకు దగ్గరలో, ఆయనను తప్పుదారి పట్టించెను. కాని సిద్ధాంతము వేరు, పద్ధతి వేరు. సిద్ధాంతము మూలబడినది. పూవును నలిపివేయక, దాని దగ్గర నిలిచి, కాంతిని సన్నసన్నముగ విడదీసి చదువు పద్ధతి నేడు పెద్ద వృక్షమైనది.

ఆ పద్ధతి ఎట్లు పెరిగెనో కొంచెము వివరింతుము. మామూలు కెమెరా మన కంటివలెనే ఎరుపు, ఆకుపచ్చ, నీలము అను మూడు పాళ్లుగ మాత్రమే వెలుతురును పంచుకొనును. 1980లు నడుచు కాలమున అమెరికాలో, చిత్రమునందలి ప్రతి చుక్కకును పూర్తి వర్ణపటమును తీయు కెమెరాలు పుట్టినవి. వీనికి హైపర్‌స్పెక్ట్రల్ కెమెరాలని పేరు. మొదట విమానములమీద నుంచి భూమిని చూచుటకు వాడిరి; పిమ్మట వానినే మొక్కకు మూర దూరమునకు తెచ్చిరి. కాంతిని నానోమీటర్లతో కొలుతురు. ఒక మిల్లీమీటరును పది లక్షల భాగములు చేసినచో ఒక భాగము నానోమీటరు. మనకు కనబడు కాంతి రమారమి 400 మొదలు 700 నానోమీటర్ల దనుక నున్నది. ఈ కెమెరా కొలది నానోమీటర్ల కొక పాలు చొప్పున వందలకొలది పాళ్లు చేసి, 700 దాటి 1000 దనుక, కొన్ని 2500 దనుక చూడగలవు.

ఆకు వింత యంతయు 700 దాటిన పిమ్మటనే. అంతవరకు ఎరుపును మ్రింగుచుండిన ఆకు అచ్చట హఠాత్తుగ మనస్సు మార్చుకొని, మన కంటికి అందని పరారుణకిరణములలో సగముపాటి వెనుకకు పంపివేయును. లోపలి కణముల అమరికయు, వాని నడుమ గాలిసందులును అందుకు కారణము. మొక్కకు నత్రజని చాలక పత్రహరితము తగ్గినప్పుడు ఆ మలుపు పక్కకు జరుగును. తెగులు కణములను చెరచినప్పుడు ఆ పరారుణకాంతి కుంగును. నీరు 970, 1450 నానోమీటర్ల దగ్గర కిరణములను మ్రింగును గనుక ఆకు దప్పిక కూడ అచ్చట తెలియును. పలు పైరులలో, కంటికి మచ్చ కనబడకముందే తెగులును ఈ విధమున పసికట్టగలమని ప్రయోగములు చూపినవి. వేయి మొక్కలలో కరవును తట్టుకొనునది ఏదో, ఒక్క ఆకైనను త్రుంపక దినదినము చూచి ఎన్నుకొనుటకు విత్తనములు పుట్టించువారికిది ఎంతయో ఉపకారము. హైదరాబాదు చెంత పటాన్‌చెరువునందు 1972లో స్థాపింపబడిన ఇక్రిశాట్ సంస్థలో లేజరుకాంతి పరికరములు మొక్కలవరుసలపై తిరుగుచు ఆకుల విరివిని కొలుచుట ఇట్టి యత్నములలో నొకటి.

దగ్గరనుండి చూచుటలో చిక్కులు లేకపోలేదు. ఒక ఆకు వాలియుండును, ఇంకొకటి నిక్కియుండును; ఒకదాని నీడ ఇంకొకదానిపై పడును. మబ్బు పట్టిన వెలుతురు వేరు, ఎండ వెలుతురు వేరు. కావున ప్రతిసారి తెల్లని పలక నొకదానిని ప్రక్కన పెట్టి సరిచూచుకొనవలెను. మిరప వంటి నున్నని ఆకులపై తళుకు మరింత మోసము చేయును. ఆ తళుకులో ఆకు లోపలి వార్త లేదు. దానిని తొలగించుటకు కాంతిని వడగట్టు బిళ్లను కెమెరాముందు త్రిప్పుదురు. నార్కుండా ఓడమీద రామన్‌గారు సముద్రముతో చేసిన పని అదియే గదా! పైగా కెమెరాకు తనంతట ఏమియు తెలియదు. ఎవరో ఆకులు కోసి, నూరి, తూచి, ఇంత పత్రహరితము, ఇంత నీరు అని ముందుగ నేర్పవలెను. ప్రతి పైరునకును, ప్రతి తెగులునకును ఆ పాఠము వేరు.

రామన్‌గారి 1928నాటి వెలుతురుకూడ పొలమునకు దిగివచ్చినది. 2017లో అమెరికాయందలి టెక్సాసు శాస్త్రజ్ఞులు, ఎండ, చలి, ఉప్పు, కరవు వంటి బాధలు కోలియస్ మొక్కకు తగిలినప్పుడు దాని వర్ణద్రవ్యములు మారు తీరును, రామన్ కాంతి మూలమున, బ్రతికియున్న ఆకునందే చదివిరి. యౌవనమున కనుగొనినదియు, వార్ధక్యమున వెదకినదియు ఈ విధముగ ఒక్క ఆకుమీద కలిసికొన్నవి.

2021లో నల్లతామరపురుగు మన ప్రాంతపు మిరపతోటలపై పడినది. అప్పటికి పల్నాడు ప్రత్యేకజిల్లా కాలేదు, గుంటూరుజిల్లాలోనే యుండెను. ఆ పురుగు పూవులలో చేరి గీకి రసము పీల్చును. పూత రాలిపోవును, కాయ నిలువదు. ఆకును త్రిప్పి చూచు అలవాటుగల రైతునకు శత్రువు పూవులో దాగియున్నదని తెలియునప్పటికి ప్రొద్దెక్కినది. ఎన్నో కుటుంబములు ఆ యేటి పెట్టుబడిని పోగొట్టుకొన్నవి. హైపర్‌స్పెక్ట్రల్ కెమెరా ఖరీదు నేటికిని సామాన్యరైతు చేతికందునది కాదు. దానితో ఆ పురుగు తప్పక పట్టుబడియుండునని మేము చెప్పుట లేదు. కాని పూవును దగ్గరనుండి, ఓపికతో, రంగు వెంట రంగుగ చూచువారు ఎవ్వరైన మిరపపూవు ముందు కూర్చుండవలసియే యున్నది. వారు మన పాఠశాల తరగతులలోనే ఉన్నారేమో!

రామన్‌గారు చివరివరకు పనిచేసిరి. 1970 అక్టోబరు 2వ తేదీన తన సంస్థలో గాంధీస్మారక ఉపన్యాసము ఇచ్చిరి. అప్పటి విషయము వినికిడి. ఆ మాసముననే ప్రయోగశాలలో గుండెజబ్బుచే కూలిపోయిరి. వైద్యశాలలో కొంత కోలుకొని, తన తోటలోనే కన్నుమూయ గోరి ఇంటికి మరలిరి. నవంబరు 21వ తేదీ ఉదయమున పరమపదించిరి. కర్మకాండము లేకుండ పరిశోధనాలయపు తోటలోనే దహనము గావించిరి. సమాధిగాని, విగ్రహముగాని వలదని ఆయన కోరియుండిరి. ఆ చోట ఒక చెట్టు మాత్రము నాటిరి.